ట్యూబులు మారలేదు

"మేడమ్, ఇంజనీరింగ్ అయిపోయింది. విదేశం వెళ్ళి బయోఇన్ఫర్మాటిక్స్ చదవాలనుంది. బయాలజీ పెద్దగా రాకపోయినా ఫరవాలేదు కదా?"

నేను రిటైరయ్యాక కూడా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. ఫరవాలేదని నా నోటితో అనిపించుకోవడానికే అడుగుతారు. నేను అనను. ఫరవా ఉంది, బోలెడు ఉంది. అదేమిటో ఒక్కొక్కరికీ చెప్పి చెప్పి నా నోరు నొప్పిపుట్టింది కాబట్టి ఇలా రాసి పెడుతున్నాను. ఏ ఫారం ఎక్కడ నింపాలి, ఏ పరీక్షకు ఎన్ని మార్కులు రావాలి అనేవి ఇందులో వెతక్కండి. అవి చెప్పేవాళ్ళు వీధికి ఇద్దరున్నారు. నేను చేసిన ఒక తప్పు చెబుతాను. ఆ తప్పు దిద్దుకోకపోయి ఉంటే కడంబూరు దగ్గర పల్లెలో గోమతి అనే అమ్మాయి ఇక బిడ్డలే వద్దని ఆపరేషన్ చేయించుకునేది. చేయించుకోవలసిన అవసరం ఏమీ లేకుండానే.

మాది కోవిల్‌పట్టి. నాన్న అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో మెకానిక్కు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా తెలుగు మాట్లాడటానికే కాని చదవడానికి కాదు, అందులోనూ 'అదే' అని నొక్కి చెప్పడానికి 'దా', 'ఊరికే' అనడానికి 'సుమ్మా' అని తమిళం కలుస్తుంది. అక్షరాలు నేను ఉద్యోగానికి హైదరాబాదు వచ్చాక, ముప్పై అయిదు దాటాక నేర్చుకున్నాను. ఆఫీసులో నా మాట విని కొందరు ముసిముసిగా నవ్వేవాళ్ళు. నవ్వినవాళ్ళ రిపోర్టుల్లో తప్పులు దిద్దింది నేనే. నాకు ముక్కు మీద కోపం అని మా వీధంతా అంటుంది, అది నిజమే.

విరుదునగర్ మిల్లులో నేర్చుకున్న చెడ్డ అలవాటు

తొంభైల్లో నేను ఎలక్ట్రికల్ ఇంజనీరుని. రోజూ కోవిల్‌పట్టిలో పొద్దున రైలెక్కి విరుదునగర్‌లో దిగేదాన్ని. స్టేషన్ బయట మిరపకాయల బస్తాల ఘాటుకు తుమ్ములు వచ్చేవి. తుమ్ముతూ బస్సెక్కి ఊరి చివర నూలు మిల్లుకు పోయేదాన్ని. మిల్లులో ఆడ ఇంజనీరును మిషన్ల దగ్గరికి రానివ్వలేదు. నూలు పరీక్ష చేసే గదిలో కూర్చోబెట్టారు.

పని చిన్నదే. నూలు పోగు ఒక మిషన్ గుండా పోతుంది. ఎక్కడ లావైంది, ఎక్కడ సన్నబడింది అన్నది కాగితం మీద గీతగా పడుతుంది. గీత మరీ ఎగిరిపడితే మా మేనేజరు వచ్చి తమిళంలో ఒకే మాట అనేవాడు. "అది నూలు తప్పు కాదమ్మా, మిషన్ తప్పు. కొట్టేసి మళ్ళీ ఎక్కించు." కొట్టేసేదాన్ని. రెండోసారీ ఎగిరితే మూడోసారి ఎక్కించేదాన్ని. చక్కటి గీత వచ్చేదాకా ఎక్కించి అదే ఫైల్లో పెట్టేదాన్ని. ఎనిమిదేళ్ళు ఇదే చేశాను. చివరికి ఆయన చెప్పకుండానే నా చెయ్యి తానే కొట్టేయడం మొదలుపెట్టింది.

ఒకసారి సరుకు మొత్తం వెనక్కి వచ్చింది. నూలు ముక్కలు ముక్కలుగా తెగిపోతోందట. మేనేజరు అందరి ముందూ నా ఫైలు ఎత్తి చూపించాడు. "ఈ అమ్మ ఇచ్చిన రీడింగులు చూడండి, అన్నీ బాగున్నాయి, నేనేం చేసేది?" అన్నాడు. నాకు విపరీతమైన కోపం వచ్చింది. అయితే అబద్ధం ఆడింది నా చెయ్యే కదా. ఆ కోపం ఆయన మీదో నా మీదో నాకు ఇప్పటికీ తేలలేదు.

మిల్లుకు కొత్త మిషన్ బిగించడానికి జర్మనీ నుంచి ఒక ముసలి ఇంజనీరు వచ్చాడు. నేను మిషన్ గురించి అడిగిన ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబులు చెప్పేవాడు. తన కూతురు ఒక కొత్త చదువు చదువుతోందని, మనుషుల రక్తంలోంచి వచ్చే జన్యువుల లెక్కలను కంప్యూటరుతో చదివి అర్థం చెప్పడమే ఆ చదువని అన్నాడు. "ఇంజనీర్లను కూడా తీసుకుంటారు. మా దేశంలో చదువుకు ఫీజు లేదు," అన్నాడు. ఆ మాట విన్న వారం, ఆదివారం నుంచే మదురైకి పోయి జర్మన్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. మొదటిసారి దరఖాస్తు తిరిగొచ్చింది. రెండోసారీ తిరిగొచ్చింది. మూడోసారి పెట్టాను.

సీటు వచ్చిన రోజు మా మేనత్త మా ఇంటికొచ్చి నడి హాల్లో కూర్చుంది.

"ఏం పాపా, ముప్పై మూడు నిండె. కళ్యాణం చేసుకోవే అంటే పరిట్చ రాసేకి జర్మనీకి పోతానంటావు. నవ్వరా ఊర్లో?"

"నవ్వనీ అత్తా. నువ్వు చూసిన పెండ్లికొడుకులకన్నా జర్మన్ గ్రామర్ మేలు."

నాన్న లోపల అన్నం తింటూ వింటున్నాడు. "పోనీ బిడ్డని. ఈడ ఉండి నూలు చూసింది చాలు," అన్నాడు.

ప్రొటీను ఎక్కడుంటుంది?

క్లాసులో నేనే పెద్దదాన్ని. పక్కనున్న పిల్లలు నన్ను మొదట టీచరనుకున్నారు. ప్రోగ్రాములు రాయడంలో వాళ్ళను రెండో నెలకే దాటేశాను. అదే నా కొంప ముంచింది. ప్రోగ్రాము వస్తే చాలు, మిగతాది దానంతటదే వస్తుందిలే అనుకున్నాను.

మొదటి మౌఖిక పరీక్షలో ప్రొఫెసరు ఒక ప్రొటీను పేరు చెప్పి, "ఇది ఎక్కడుంటుంది?" అని అడిగాడు. నేను ధీమాగా, "ఫైల్లో, మూడో కాలమ్‌లో," అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కణం పొరలో ఉంటుందన్నది ఆయనకు కావలసిన జవాబు. తప్పాను. ఇంకోసారి తప్పితే కోర్సు పోతుంది, దాంతో వీసా పోతుంది. ప్రొఫెసరు మంచివాడే, జాలిగా అన్నాడు: "మీరు ఇంజనీరు. ప్రోగ్రాములు మీరు రాయండి, బయాలజీ తెలిసినవాళ్ళు బయాలజీ చూసుకుంటారు."

ఈ మాట మీకూ చెబుతారు. తియ్యగా చెబుతారు. నమ్మకండి. దీన్ని నమ్మినవాళ్ళు బతుకంతా ఇంకొకరి ఫైళ్ళు తోముతూ కూర్చుంటారు. హైదరాబాదులో అలాంటి తెలివైన పిల్లల్ని చాలామందిని చూశాను.

నేను మొండికేశాను. మొదటి సంవత్సరం పిల్లల బయాలజీ క్లాసుకు పోయి ముందు వరుసలో కూర్చున్నాను. పద్దెనిమిదేళ్ళ పిల్లలతో కలిసి ఉల్లిపొరను మైక్రోస్కోపులో చూశాను. సాయంత్రాలు ల్యాబులో హెల్గా దగ్గరికి పోయేదాన్ని. హెల్గా ల్యాబ్ టెక్నీషియన్, జుట్టు నెరిసిన మనిషి. రక్తం ట్యూబులు రాగానే వాటికి నంబరు వేసి, పుస్తకంలో రాసి, జన్యు పదార్థం తీసి, పరీక్షకు ఎక్కించేది ఆమే. మాట కరుకు. మొదటి రోజే నా చేతిలో పరికరం చూసి, "దాన్ని గరిటెలా పట్టుకోకండి," అంది. మా ఊరి ఆడవాళ్ళలాగే మనసులో ఉన్నది మొహాన అనేసేది కాబట్టి నాకు నచ్చింది.

రెండోసారి పరీక్షలో ప్రొఫెసరు అడిగినవాటికి జవాబు చెప్పి, అడగనివి కూడా నాలుగు చెప్పాను. పాసయ్యాను.

గోమతి అడిగిన మాట

ఆ ప్రొఫెసరు పుట్టు చెవుడు మీద పనిచేసేవాడు. మదురైలో ఒక డాక్టరమ్మ ఆయనకు సహకరిస్తోంది. కడంబూరు దగ్గర నల్లరేగడి పల్లెలో ఒక పెద్ద కుటుంబంలో తరానికి ఇద్దరు ముగ్గురు చెవిటివాళ్ళు పుడుతున్నారని ఆమె రాసింది. ఆ కుటుంబం ఇంట్లో తెలుగు మాట్లాడుతుందట, ఇంటి సంగతులు ఆమెకు సరిగా చెప్పడం లేదట. ప్రొఫెసరు నా వైపు చూశాడు. సెలవుల్లో నన్ను పంపించారు.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. నేను నోరు తెరిచి రెండు మాటలు మాట్లాడగానే, "మన పిల్లదా!" అని చాప వేశారు. పెద్ద కాగితం పరిచి ఎవరికి ఎవరు పుట్టారో, ఎవరు ఎవరిని చేసుకున్నారో గీతలు గీశాను. ఇలాంటి చెవుడు తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ రెండు పక్కలా వస్తేనే బిడ్డకు పడుతుందని వాళ్ళకు చెప్పాను. ఆ ఇంట్లో అక్క కూతుర్ని చేసుకోవడం మామూలు. పెరుమాళ్ అనే రైతు తన అక్క శంకరమ్మ కూతురు గోమతిని చేసుకున్నాడు. వాళ్ళకు నాలుగేళ్ళ కూతురు పొన్ని. పుట్టినప్పటి నుంచి చెవులు వినపడవు. పెరుమాళ్ తమ్ముడు కూడా చెవిటివాడే.

కాగితం గీస్తూ శంకరమ్మను, "గోమతి ఎక్కడ పుట్టిందమ్మా? కాన్పు ఇంట్లోనా, ఆస్పత్రిలోనా?" అని అడిగాను. శంకరమ్మ చప్పున లేచి, మేకకు నీళ్ళు పెట్టాలని వెళ్ళిపోయింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నేల చూపులు చూశారు. ఎవరో, "ముందు మోరు తాగు పాపా," అని నా చేతికి మజ్జిగ గ్లాసు అందించారు. తాగాను. మళ్ళీ అడగలేదు. నేనూ ఆ తరహా ఇంట్లో పుట్టినదాన్నే. మా ఇళ్ళల్లో మాట అలా తెగిందంటే అక్కడ అడగకూడనిది ఏదో ఉన్నట్టు. జర్మన్ పిల్ల అయితే అడిగేది. హైదరాబాదు పిల్ల అయినా అడిగేదేమో. నేను మర్యాద తెలిసినదాన్ని కాబట్టి అడగలేదు.

నేను బయల్దేరుతుంటే గోమతి వీధి చివరిదాకా వచ్చింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, సూటిగా మాట్లాడుతుంది.

"అక్కా, నాకు ఇంగో బిడ్డ కావాలని ఉండాది. మా ఆయనకీ ఉండాది. అయితే అదీ ఇట్లే పుడితే? పొన్నిని చూసి నేను ఏడవని దినం లే. రెండోది వద్దనుకుంటే ఆపరేషన్ చేసుకుంటా. చేసుకోకుండా దినమూ బయపడతా ఉండలేను. నీ పరిట్చలో తేలేది నాకు చెప్తావా? ఒకే మాటగా చెప్పు, కనొచ్చా కూడదా?"

"చెప్తా," అన్నాను. డాక్టరమ్మ ద్వారా ఉత్తరం వస్తుందని మాటిచ్చాను.

"ఎన్నాళ్ళు అవుతుంది?"

"పంగుని తిరునాళ్ళ లోపల వచ్చేస్తుంది," అన్నాను. పంగుని అంటే మార్చి నడుమ మొదలయ్యే తమిళ నెల.

"సరి. తిరునాళ్ళు దాకా చూస్తా. దాటితే నేనే ఆస్పత్రికి పోతా."

నేను కొట్టేసిన రెండు పేర్లు

ట్యూబులు జర్మనీ చేరాయి. హెల్గా పరీక్షలు చేసింది, లెక్కలు నా దగ్గరికొచ్చాయి. ఈ లెక్కల నియమం చాలా తేలిక. ప్రతి చోటా బిడ్డకు రెండు గుర్తులుంటాయి. ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. తల్లి దగ్గరా తండ్రి దగ్గరా రెండు చోట్లా లేని గుర్తు బిడ్డకు రాదు.

కంప్యూటరు గోమతి పేరు దగ్గర ఆగిపోయింది. శంకరమ్మతో చాలా చోట్ల ఆమె గుర్తులు కలవడం లేదు. తండ్రితో కొన్ని కలుస్తున్నాయి, కొన్ని లేవు. పొన్ని గుర్తులు కూడా ఆ ఇంటి చెవిటివాళ్ళ గుర్తుల్లా లేవు. మిగిలిన కుటుంబమంతా ముత్యాల్లా వరుసగా ఉంది, ఈ ఇద్దరే ఎగిరిపడుతున్నారు.

నాకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు. ట్యూబులు మారిపోయాయి అనుకున్నాను. ఒకే రోజు, ఒకే ఇంట్లో తీసిన రక్తం, ఎక్కడో తారుమారైంది. గోమతినీ పొన్నినీ లెక్కలోంచి కొట్టేసి మళ్ళీ ఎక్కించాను. ఎంత అందంగా వచ్చిందో! చెవుడు తెచ్చే జన్యువు ఏ ముక్కలో ఉందో వేలు పెట్టి చూపించినట్టు తేలింది. ప్రొఫెసరు నా భుజం తట్టాడు. గోమతి సంగతి ఎలాగూ తెలిసిందే, మామా మేనకోడలూ చేసుకున్నారు, మొదటి బిడ్డ చెవిటిది, కాబట్టి పుట్టబోయే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు భయం ఉంటుందని డాక్టరమ్మకు ఉత్తరం తయారుచేశాను.

ఇది విరుదునగర్ మిల్లులో చేసిన పనే. సముద్రాలు దాటి వచ్చి, కొత్త చదువు చదివి, అదే చేశాను. ఆ సాయంత్రం మాత్రం నా అంత తెలివైనది లేదని మురిసిపోయాను.

హెల్గా కోపం

రిపోర్టు చివర చిన్న అక్షరాల్లో, 'రెండు ట్యూబులు ల్యాబులో మారినందున తీసివేయడమైనది' అని రాశాను. హెల్గా దాన్ని చదివింది. తిన్నగా నా బల్ల దగ్గరికొచ్చి కాగితం పడేసింది.

"నా దగ్గర ట్యూబులు మారవు."

"పొరపాటు ఎవరికైనా..."

"మీరు వచ్చి చూశారా? నా పుస్తకం చూశారా? ఆ రెండు ట్యూబుల్లో రక్తం ఇంకా ఉంది, మళ్ళీ చెయ్యమని అడిగారా? మీ లెక్కకు అడ్డొచ్చారని ఇద్దరు మనుషుల్ని కొట్టేసి, తప్పు నా నెత్తిన రుద్దుతారా?"

నాకూ కోపం వచ్చింది. ఏదో అనబోయాను. ఆమె అప్పటికే వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఆ వారమే దాచిన రక్తంతో రెండు పరీక్షలూ మొదటి నుంచి మళ్ళీ చేసింది. నన్ను పక్కన నిలబెట్టి, ప్రతి ట్యూబు నంబరూ నా చేత పైకి చదివించింది. నాలుగో రోజు ఫలితాలు వచ్చాయి. ఒక్క అంకె కూడా మారలేదు.

కాన్పు మాట అడగగానే శంకరమ్మ చప్పున లేచిపోవడం అప్పుడు గుర్తొచ్చింది. మా వీధిలో ఏ ఆడమనిషైనా మొదటి చూపులోనే చెప్పేది. గోమతి శంకరమ్మ కన్న బిడ్డ కాదు. మా వాళ్ళలో ఇది ఎప్పటి నుంచో ఉంది. అన్నకు పిల్లలు లేకపోతే తమ్ముడు తన బిడ్డనొకదాన్ని పురిట్లోనే ఇచ్చేస్తాడు. కాగితాలుండవు, ఊరంతటికీ తెలుస్తుంది, ఆ బిడ్డ చెవిన మాత్రం ఎవరూ వెయ్యరు. శంకరమ్మ మొగుడి తమ్ముడి బిడ్డ అయితే, తండ్రితో కొంత కలవడం, తల్లితో కలవకపోవడం రెండూ అతికినట్టు సరిపోతాయి. ఇవన్నీ తెలిసే నేను మజ్జిగ తాగి ఊరుకున్నాను.

అంటే గోమతికి పెరుమాళ్‌తో రక్త సంబంధం లేదు. ఆ ఇంటి చెవుడు జన్యువు ఆమె దగ్గర ఉందేమోనని వెతికాను, లేదు. మరి పొన్నికి చెవుడు ఎలా వచ్చింది? నా పాత నోటు పుస్తకం తీశాను. గోమతి చెప్పినదాన్ని అడుగున నేనే తమిళ అక్షరాల్లో రాసుకున్నాను: 'పొన్ని కడుపులో ఉండగా మూడో నెల జొరము, ఒళ్ళంతా పొక్కు.' రాసుకుని వదిలేశాను. డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఆమె పొన్నిని మళ్ళీ పిలిపించి కళ్ళు పరీక్ష చేసింది. కడుపులో ఉండగా తల్లికి వచ్చిన ఆ జ్వరం వదిలిన మచ్చలు కంటి లోపల ఉన్నాయంది. అలాంటి జ్వరం ఒకసారి వచ్చినవాళ్ళకు మళ్ళీ రావడం అరుదు. రెండో బిడ్డకు అందరి బిడ్డలకూ ఉండే భయమే తప్ప వేరే భయం లేదు.

ప్రొఫెసరుకు చెప్పాను. "మిగతా కుటుంబంతో మన ఫలితం నిలుస్తుంది. ఆ ఇద్దర్నీ వదిలెయ్యండి. ఉత్తరం దిద్ది పంపండి, మన పని అంతవరకే," అన్నాడు. చెడ్డవాడేం కాదు. ఆయనకు గోమతి ఒక నంబరు, అంతే. ఉత్తరంలో ఏమని రాయను? నువ్వు ఆ ఇంటి బిడ్డవు కావు అని రాయనా? పంగుని నెల దగ్గరపడింది. టికెట్టు ఎలా కొన్నానన్నది ఇక్కడ అనవసరం. పోయాను.

ఆ తరవాత ఉద్యోగంలో నా కింద చేరిన ప్రతివాడినీ ఒక నెల ట్యూబులకు నంబర్లు వేసే బల్ల దగ్గర కూర్చోబెట్టాను. తిట్టుకున్నారు. తిట్టుకోనీ.

శంకరమ్మ గడప

ముందు శంకరమ్మను మినప చేలో పట్టుకున్నాను. చుట్టూ ఎవరూ లేరు. మెల్లగా చెప్పాను. ఆమె చేతిలో కొడవలి ఆగిపోయింది.

"ఎవరు చెప్పిరి నీకు? మా తోడికోడలా?"

"ఎవరూ చెప్పలేదమ్మా. పరీక్షలో తేలింది."

"గోమతికి చెప్పొద్దు. నీ కాళ్ళు పట్టుకుంటా. అది నన్నే అమ్మా అనింది. మాట వచ్చినప్పటి నుంచి నన్నే అనింది. ఇంగొకరిని ఎట్ల అంటుంది?" ఆమె కొడవలి కింద పెట్టింది. "నా బిడ్డ అది. నేను కనలే, అంతే."

"నేను చెప్పను," అన్నాను. అది ఆమె చెప్పవలసిన మాట, నాది కాదు. నాకు దొరికింది కదా అని ఒక తల్లి చేతిలోది లాక్కుని పంచిపెట్టే హక్కు ఏ పరీక్షా నాకివ్వలేదు. ఫలితం మాత్రం గోమతికి చెబుతానన్నాను. శంకరమ్మ తల ఊపింది.

ఇంటికి పోయేసరికి గోమతి వాకిట్లో పొన్నికి జడ వేస్తోంది. పక్కన గుడ్డ సంచి సర్ది పెట్టుకుంది. తిరునాళ్ళు ముగిసిన మూడో రోజు అది.

"పొన్ని చెవుడు మీ ఇంటి చెవుడు కాదు, గోమతీ. నువ్వు కడుపుతో ఉండగా వచ్చిన జొరం వల్ల వచ్చింది. రెండో బిడ్డకు ఆ భయం లేదు. ఆపరేషన్ వద్దు," అన్నాను.

ఆమె జడ ముడి వేసి నన్ను ఎగాదిగా చూసింది.

"నన్ను సమాదానం చేసేకి వస్తివా అక్కా?"

"లేదు, నిజం."

"ఏం నిజం? మా ఆయన తమ్ముడు చెవిటోడు. మా అమ్మ పెద్దమ్మ కొడుకు చెవిటోడు. నేనూ ఈ ఇంటి రక్తమేదా? వాళ్ళకుండేది నాకు మాత్రం ఎట్ల లేకుండా పోతుంది? పోయినసారి నువ్వే కాగితం పరిచి, రెండు పక్కల నుంచీ వస్తేదా చెవుడని చెప్తివి. ఇప్పుడు సుమ్మా మాట మారుస్తావా?"

నా దగ్గర జవాబు ఉంది. మాటిచ్చాను కాబట్టి నోరు తెరవలేకపోయాను. "పరీక్ష అలా చెప్పింది, నమ్ము," అన్నాను. నాకే చప్పగా వినబడింది.

"అర్తం కానిదాన్ని ఎట్ల నమ్మేది? నువ్వు మంచిదానివి అక్కా, నా ఏడుపు చూడలేక చెప్తా ఉండావు. రెండో బిడ్డ కూడా వినకపోతే నువ్వు జర్మనీలో ఉంటావు. నేను ఈడ ఉంటా." సంచి భుజాన వేసుకుంది. "పది గంటల బస్సు వస్తుంది. పొన్నీ, నువ్వు అవ్వ దగ్గర ఉండు," అని చేతులతో సైగ చేసింది.

వాకిలి దాటబోతుంటే శంకరమ్మ ఎదురొచ్చింది. చేలోంచి నా వెనకాలే వచ్చినట్టుంది. ఎప్పటి నుంచి వింటోందో తెలియదు. గడపకు అడ్డంగా నిలబడింది.

"పోవద్దు."

"అమ్మా, బస్సు పోతుంది."

"పోనీ. నీకు ఈ ఇంటి రక్తం లేదే. లేదు కాబట్టిదా ఆయమ్మ అట్ల చెప్పింది." శంకరమ్మ గడప మీద కూర్చుండిపోయింది. "నిన్ను నేను కనలే. మీ చిన్నమ్మ కనింది. మూడోది ఆడపిల్లైతే నాకిస్తానని మీ చిన్నాయన మాటిచ్చినాడు. నువ్వు పుట్టిన గంటకు ఎత్తుకొస్తి. పాలు లేవు నా దగ్గర. మేకపాలు పోసి పెంచితి. ఎవరినీ చెప్పనీలే. నిన్ను ఎక్కడ పోగొట్టుకుంటానో అని బయం. ఇప్పుడు ఆ బయానికి నీ కడుపు కోయించుకుంటావా?"

పొన్ని అందరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. గోమతి సంచి కింద పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. శంకరమ్మ తల వైపు ఒకసారి చూసింది. తరవాత నా వైపు తిరిగింది.

"నీ కాగితం చూపు."

కొత్తగా గీసిన వంశవృక్షం నా సంచిలో ఉంది. మా పద్ధతిలో కన్న బిడ్డకు నిండు గీత గీస్తాం, పెంచిన బిడ్డకు చుక్కల గీత. గోమతి దాన్ని నేల మీద పరిచి తన పేరు వెతుక్కుంది. శంకరమ్మ నుంచి తన దాకా వచ్చిన చుక్కల మీద వేలు పెట్టి, ఇదేమిటని అడిగింది. చెప్పాను.

"పెన్ను ఇయ్యి."

ఇచ్చాను. ఆమె చుక్కల మీద ఒక్కొక్కటే కలుపుతూ, పళ్ళు బిగించి, శంకరమ్మ నుంచి తన పేరుదాకా నిండుగా గీత గీసింది. కాగితం చిరిగేంత గట్టిగా గీసింది. నేను ఆపలేదు. కంప్యూటరులో చుక్కలే ఉన్నాయి, అక్కడ అవే ఉండాలి. ఈ కాగితం ఆమెది. పెన్ను నాకు తిరిగిచ్చి, తల్లిని రెక్క పట్టుకుని గడప మీంచి లేపింది.

"మేకపాలు పోస్తివా నాకు? అందుకేదా ఇంత మొండిదాన్ని అయితి," అంది. శంకరమ్మ ఆమె భుజం మీద తల పెట్టి ఘొల్లుమంది. గోమతి ఆమె వీపు నిమురుతూ, ఆ భుజం మీంచి నన్నే చూస్తూ అడిగింది.

"ఇప్పుడు అర్తమైంది. ఇప్పుడు చెప్పక్కా, ఒకే మాటగా. ఆస్పత్రికి పోనా, వద్దా?"

"పోవద్దు," అన్నాను.